బంతులు లెక్కపెట్టి అప్పగించారు, జట్టును ఎవరికి అప్పగించారు?

గుంటూరు, విజయవాడ ప్రాంత విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల పెద్దలకు, కాలేజీ యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, కొత్తగా బాధ్యతలు తీసుకున్న పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గార్లకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. 2005లో గుంటూరులో డిగ్రీలో చేరి మూడేళ్లూ కబడ్డీ ఆడాను. నా స్థానం రైట్ కార్నర్, అంటే వరసలో కుడి చివర. చివరి ఏడాది మా కాలేజీ జట్టుకు కెప్టెన్‌ని. యూనివర్సిటీ జట్టుకూ ఆడాను. ఇప్పుడు మా స్కూల్లో కూత నేర్చుకున్న ఆడపిల్లలు ఇంటర్ దాటి మీ కాలేజీలకు వస్తున్నారు. వాళ్ల కోసం, నాతో కలిసి ఆడినవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీ దగ్గర పీడీ మారినప్పుడు, కోచ్ మారినప్పుడు, కెప్టెన్ మారినప్పుడు ఆ జట్టు చరిత్రను కూడా కొత్తవాళ్ల చేతిలో పెట్టాలి. ఇప్పుడు స్టోర్ రూం తాళాలు పెడుతున్నారు. దాంతో సరిపెడుతున్నారు.

మా కాలేజీ పేరు రాయడం లేదు. అక్కడ జరిగింది వేరేచోట్ల కూడా జరిగిందని తోటి పీఈటీలు, పాత ఆటగాళ్లు నాతో చెప్పారు. ఒక్క కాలేజీని బోనులో నిలబెట్టి మిగతావాళ్లు ఊపిరి పీల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మా పీడీ సార్ మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఆయన దగ్గర మూడు పెద్ద రిజిస్టర్లు ఉండేవి. ఆఫీసుల్లో స్టాకు రాసుకునే రకం, గట్టి అట్ట, ఎర్ర బట్ట అంచు. ఎక్కడ మ్యాచ్ ఉన్నా బెంచీ మీద ఆ రిజిస్టర్ ఉండాల్సిందే. ఒక్కో పేజీకి ఒక్కో మ్యాచ్. పైన తేదీ, ఊరు, కోర్టు మట్టిదా మ్యాటా. కింద పన్నెండు మంది పేర్లు, వాళ్ల ఊళ్లు. ఎవరు ఎన్నిసార్లు కూతకు వెళ్లారు, ఎన్ని పాయింట్లు తెచ్చారు, ఎక్కడ దొరికిపోయారు. పక్కన ఖాళీలో సార్ సొంతంగా రాసుకున్న సంగతులు. ఒకమ్మాయికి ఎడమ మోకాలు బాగాలేదని, రెండో హాఫ్‌లో దింపకూడదని. ఇంకో అమ్మాయిని మిరపకోతల రోజుల్లో ఇంట్లో పంపరని, ముందే వెళ్లి వాళ్ల నాన్నను అడగాలని. ఫలానా కాలేజీ రైడర్, అంటే కూతకు వచ్చే అమ్మాయి, అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దగ్గర కుడికాలు చాపి ఆశపెడుతుందని, ఆ కాలు పట్టుకోబోతే దొరకదని. దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలకు తమిళనాడో కేరళో వెళ్తే రైలు టికెట్ల లెక్క, ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరు అక్కడి తిండి పడక రెండు రోజులు అరటిపళ్లతో ఉన్నారు, అన్నీ.

నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఒకరోజు ప్రాక్టీసులో వరసగా నాలుగుసార్లు నా వైపు నుంచే రైడర్ తప్పించుకుంది. సార్ తిట్టలేదు. రిజిస్టర్ తెరిచి దాదాపు పదేళ్ల కిందటి పేజీ చూపించారు. అప్పటి రైట్ కార్నర్ కూడా అదే పొరపాటు చేసింది, చీలమండ పట్టుకోవడానికి అర క్షణం ముందే కిందికి వంగేది. ఆ పేజీలో ఆమె ఊరు కూడా ఉంది. మా ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆదివారం సైకిలు మీద వెళ్లాను. ఆమె అంగన్‌వాడీలో పనిచేస్తోంది. వాకిట్లో కళ్లాపి చల్లిన నేల మీద పమిట బిగించి, తన కొడుకును రైడర్‌గా నిలబెట్టి, ఎంతసేపు ఆగాలో నాకు చూపించింది. వెళ్లేటప్పుడు తాటిబెల్లం పెట్టి పంపింది. ఇప్పుడు నేను మా స్కూలు పిల్లలకు యాంకిల్ హోల్డ్ నేర్పేది ఆమె నేర్పిన పద్ధతిలోనే. మధ్యలో ఆ రిజిస్టర్ లేకపోతే ఆమె ఎవరో నాకు తెలిసే దారే లేదు.

మా సార్ వెళ్లిపోయిన రోజు ఛార్జ్ లిస్టు రాశారు. ఆ కాగితం నేను తర్వాత చూశాను. వాలీబాల్స్ ఎన్ని, నెట్లు ఎన్ని, షాట్‌పుట్ గుండ్లు ఎన్ని, ఏవి పనికొస్తాయి, ఏవి డెడ్ స్టాకు, అంతా పద్ధతిగా ఉంది. ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం. రిజిస్టర్ల ఊసు లేదు. లిస్టులో లేని వస్తువుకు ఎవరూ బాధ్యులు కారు కదా. ఆరు నెలల తర్వాత గదికి సున్నం వేయించాలని స్టోరు ఖాళీ చేయించారు. పాత జెర్సీలు, చిరిగిన నెట్లు, ఫొటో ఫ్రేములు, కాగితాల కట్టలు అన్నీ కలిపి పాత సామాన్లవాళ్లకు వేశారు. అక్కడి అటెండర్ అన్న ఒక రిజిస్టర్‌లో ఫొటోలు అంటించి ఉండటం చూసి మనసొప్పక పక్కన పెట్టాడు. నాకు ఫోన్ చేసి ఇచ్చాడు. మిగతా రెండూ పోయాయి.

కొత్తగా వచ్చిన పీడీ గారిని నేను తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో తాళాలు పెట్టారు గానీ, ఈ జట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. మా సార్‌ది కూడా కొంత తప్పుందని నేను అనుకుంటాను. అంత విలువైనదాన్ని తన సొంత పుస్తకంలా చూసుకున్నారు గానీ కాలేజీ ఆస్తిగా నమోదు చేయించలేదు. ఆయన్ను కలిసినప్పుడు ఈ మాట అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎవరైనా అడుగుతారేమో, అప్పుడు చెబుదామని ఆగానన్నారు. ఆయన చివరి నెల రోజులూ ఎవరూ అడగలేదు.

ఊళ్లో జట్టయితే ఇంత దిగులు అక్కర్లేదు. సంక్రాంతికి బరిలో దిగేవాళ్లు పదిహేనేళ్లు వాళ్లే ఉంటారు, ఆ తర్వాత వాళ్ల తమ్ముళ్లు, కొడుకులు. కాలేజీ జట్టు అలా కాదు. డిగ్రీ మూడేళ్లు, ఇప్పుడు ఆనర్స్ తీసుకుంటే నాలుగు. మొదటి ఏడాది బెంచీ మీద, రెండో ఏడాది కోర్టులో, చివరి ఏడాది కెప్టెన్ అయితే అవుతారు, పరీక్షలు రాసి ఇంటికి వెళ్లిపోతారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి జట్టులో ఒక్క పాత ముఖం ఉండదు. అందరూ మారినా ఉండేది పీడీ ఒక్కరే. ఆయన కూడా వెళ్లిపోతే ఆ జట్టు గురించి తెలిసిన మనిషి ఆ గ్రౌండులో ఉండరు. నాకు తెలిసిన కొన్ని కాలేజీల్లో పీడీ పోస్టు భర్తీ కాక ఏడాదికొకరు గెస్ట్‌గా వస్తున్నారు. వాళ్లు పిల్లల పేర్లు నేర్చుకునేసరికి వాళ్ల ఆర్డరు గడువు అయిపోతుంది.

యూనివర్సిటీ జట్టు తయారయ్యే పద్ధతి బయటివాళ్లకు అంతగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. ముందు కాలేజీల మధ్య పోటీలు జరుగుతాయి. అక్కడ సెలెక్టర్లు కూర్చుని కొందరిని ఎంపిక చేస్తారు. వాళ్లకు క్యాంపు పెట్టి పన్నెండు మందిని తేలుస్తారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే సౌత్ జోన్ పోటీలకు వెళ్తుంది. అక్కడ పైస్థానాల్లో నిలిచినవాళ్లు అఖిల భారత పోటీలకు, అక్కడా మొదటి ఎనిమిదిలో ఉంటే 2020లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలకు. క్యాంపు మొదలైన రోజున ఒకరి ముఖం ఒకరికి తెలియదు. తెనాలి పిల్ల, నరసరావుపేట పిల్ల, బాపట్ల పిల్ల, వాళ్ల కాలేజీ వాళ్లతోనే కూర్చుంటారు. కబడ్డీలో చివరన ఉండే కార్నర్, ఆ పక్కనే ఉండే 'ఇన్' చెయ్యీ చెయ్యీ పట్టుకుని కదలాలి. పక్కమ్మాయి ఎటు అడుగేస్తుందో చేతి పట్టులోనే తెలియాలి. ఉన్న కొద్ది రోజుల్లో అది రావాలంటే ఈ జట్టుకు ముందునుంచీ ఒక అలవాటు, ఒక పద్ధతి ఉందని పిల్లలకు తెలియాలి.

మా కాలేజీలో కెప్టెన్ మారే పద్ధతి చెబుతాను. నేనూ, ఇంకో అమ్మాయీ పోటీలో ఉన్నాం. ఆమె మాలో గొప్ప రైడర్. సార్ మా ఇద్దరినీ స్టోర్ రూంకి పిలిచి, టీ తెప్పించి, కెప్టెన్‌గా నా పేరు చెప్పబోతున్నానని ఇద్దరికీ ఒకేసారి చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు. కూతకు వెళ్లే మనిషి ఊపిరి కూత మీదే ఉండాలి, వెనక ఉన్న ఆరుగురినీ చూసుకునే పని కార్నర్‌లో నిలబడేవాళ్లకు సులువని ఆయన లెక్క. ఆమె ఒప్పుకోలేదు. తనకు అన్యాయం జరిగిందని ఆయన ముఖం మీదే అంది. ఆయన అంతా విన్నారు, నిర్ణయం మార్చలేదు. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి ఆ ఏడాదంతా నా పక్కనే ఆడింది. ఇవాళ్టికీ నాకు అంత దగ్గరి స్నేహితురాలు ఇంకొకరు లేరు.

అంతకు ముందటి ఏడాది కెప్టెన్‌గా చేసిన అక్కను సార్ మూడు రోజులు ప్రాక్టీసుకు పిలిపించేవారు. ఆమె కొత్త కెప్టెన్ మాట కింద ఆడాలి. అది ఆనవాయితీ. మొదటి రోజు నాకు నోరు పెగల్లేదు. మొన్నటిదాకా నన్ను నడిపించిన మనిషిని నేనెలా అదిలిస్తాను? ఆమె ఆట ఆపించి, నా దగ్గరికొచ్చి, కోర్టులో అక్కా చెల్లీ లేదు, నన్ను పేరు పెట్టి పిలువు, నువ్వు 'అక్కా' అనేలోపు రైడర్ గీత దాటిపోతుంది అంది. ఆ రోజు ఆమెను పేరు పెట్టి అరిచాను. గ్రౌండు దాటాక మళ్లీ అక్కే.

ఇప్పుడు అదే కాలేజీలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఉంది. రెండేళ్లు వైస్ కెప్టెన్. ఈసారి తనకే ఇస్తారని అందరూ అనుకున్నారు. ఒక రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ గ్రూపులో వేరే అమ్మాయి పేరు వచ్చింది. పేరు ఒక్కటే, కింద చప్పట్ల బొమ్మలు. మా అమ్మాయికి ఎవరూ ఫోన్ చేయలేదు. పొద్దున బస్సులో ఇంకొకరు చెబితే తెలిసింది. ఆమె ఆ రోజు ప్రాక్టీసుకు వెళ్లలేదు, తర్వాతా వెళ్లలేదు. కెప్టెన్ అయిన అమ్మాయి కూడా సుఖపడలేదు. సగం జట్టు ఆమెతో ముభావంగా ఉంటోందట. ఆ అమ్మాయి నిజంగానే మంచి ఆటగత్తె, ఆమెకు ఇవ్వడం సరైన నిర్ణయమే కావచ్చు. నిర్ణయం గురించి కాదు నా బాధ. మూడు గంటలు కూర్చుని చెప్పాల్సిన మాట మూడు సెకన్లలో పంపేశారు. ఆ పీడీ గారికి పాత పద్ధతి తెలిసుంటే ఇలా చేసేవారు కాదని నా నమ్మకం.

కెప్టెన్ ఎంపికలో సిఫార్సు ఫోన్లు వస్తాయని మీ అందరికీ తెలుసు. మావాళ్ల అమ్మాయి అని, మా ఊరి అమ్మాయి అని, కమిటీ మెంబరు గారి బంధువు అని. పాత రికార్డు ఎదురుగా ఉంటే పీడీకి అదొక అండ. ఫలానా అమ్మాయి ఇన్ని మ్యాచులు ఆడింది, ఇన్ని క్యాచులు పట్టింది, చూడండి అని పుస్తకం ముందుకు జరపవచ్చు. పుస్తకం లేని పీడీ నోటిమాటతో ఎంతమందిని ఆపగలరు?

ఇక అసలు బాధాకరమైన సంగతి. నాతో ఆడిన ఆ రైడర్ స్నేహితురాలు పెళ్లయ్యాక విజయవాడలో సింగ్‌నగర్ వైపు స్థిరపడింది. ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ల ఇల్లు మునిగింది. పిల్లలతో మేడ మీద మూడు రోజులు ఉన్నారు. నీళ్లు తీశాక బీరువాలో సర్టిఫికెట్ల ఫైలు బురదముద్ద. ప్రాణాలతో బయటపడ్డాం, కాగితాలదేముంది అని అప్పుడు అనుకుంది. మరుసటి ఏడాది మెగా డీఎస్సీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆ డీఎస్సీలో ఈ కోటా కిందే 400కు పైగా టీచర్ పోస్టులు. పదిహేనేళ్లుగా ఆమె ఎదురుచూసిన అవకాశం.

సర్టిఫికెట్ నకలు కావాలంటే ముందు కాలేజీలో ఆమె ఆడిందనడానికి రికార్డు చూపమన్నారు. కాలేజీకి వెళ్తే ఆ సంవత్సరాల కాగితాలు ఏవీ లేవన్నారు. నాకు ఫోన్ చేసింది. నా దగ్గరున్న రిజిస్టర్ ఆత్రంగా తిరగేశాను. అది 1994 నుంచి 2003 దాకా ఉన్నది. మా ఏళ్లు ఉన్న రిజిస్టర్ తూకానికి వెళ్లిపోయింది. తెనాలిలో మా జట్టు అమ్మాయి ఇంట్లో గ్రూప్ ఫొటో ఉంది, మా అందరి పేర్లూ కింద అచ్చయి ఉన్నాయి. ఫొటో రుజువు కాదన్నారు. ఆఖరి తేదీ దాటిపోయింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఫోన్‌లో, మనం ఆడామే, నిజంగా ఆడామే అని రెండుసార్లు అంది. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు కూడా ఇదే సంగతి. యూనివర్సిటీల మధ్య పోటీల్లో ఆడినవాళ్లు క్రీడా కోటాకు చూపాల్సిన కాగితం ఫారం-3. దాని మీద యూనివర్సిటీ క్రీడల డీన్ గానీ డైరెక్టర్ గానీ సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ల కిందట ఆడిన అమ్మాయి ఎవరో ఇవాళ ఆ కుర్చీలో ఉన్నవారికి ఎలా తెలుస్తుంది? రికార్డు చూసే కదా పెట్టాలి. జట్టు చరిత్ర అంటే గోడకు వేలాడే ఫొటోలని, పాత విద్యార్థుల సమ్మేళనంలో చెప్పుకునే కబుర్లని అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మా లాంటి ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు అది అన్నం పెట్టే కాగితం.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడి విశ్వవిద్యాలయాలు చాలాసార్లు కదిలాయి, విడిపోయాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది మన బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు వెళ్లింది. 1967లో దాని పీజీ సెంటర్ గుంటూరుకు వచ్చింది. 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయమైంది, 2004 నుంచి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక విజయవాడ కాలేజీలు అటు వెళ్లాయి. 2022లో ఒంగోలు కేంద్రంగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చాక ప్రకాశం కాలేజీలు వేరయ్యాయి. చదువుల పాలనకు ఇవన్నీ అవసరమే. మరి జట్టు మాటేమిటి? మేం ఆడే రోజుల్లో గుంటూరు, విజయవాడ, ఒంగోలు పిల్లలం ఒకే జెర్సీ వేసుకున్నాం. నాగార్జున నగర్‌లో యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే పరిగెత్తి, హైవే పక్క బండి దగ్గర ఇడ్లీ తిని, మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లం. బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేస్తూ నేను ఆడిన చివరి సీజన్‌లో విజయవాడ పిల్లలు అవతలి బరిలో నిలబడ్డారు. నా చెయ్యి పట్టుకుని కవర్‌లో ఆడిన అమ్మాయినే నేను చీలమండ పట్టి లాగాను. మ్యాచ్ అయ్యాక ఇద్దరం ఏడ్చాం.

ఆస్తులు, ఉద్యోగులు, కాలేజీల పంపకం కాగితాల మీద జరిగింది. 2008కి ముందు విజయవాడ కాలేజీల నుంచి ఆడిన అమ్మాయి ఎవరి చరిత్రలోకి వస్తుంది? ఆ అమ్మాయి రికార్డు కోసం మచిలీపట్నం వెళ్లాలా, నాగార్జున నగర్ రావాలా? నా మటుకు నాకు రెండు చోట్లా ఉండాలనిపిస్తుంది. యూనివర్సిటీలు విడిపోయిన నాటికి ఉన్న జట్ల రికార్డుల నకళ్లు మూడు విశ్వవిద్యాలయాలూ ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. ఇందులో ఎవరికీ పోయేదేమీ లేదు.

క్రికెట్ ఆడిన అబ్బాయిలకు ఈ బాధ కొంత తక్కువ. యూనివర్సిటీల క్రికెట్‌కు 1935–36 నుంచే రోహింటన్ బారియా ట్రోఫీ ఉంది. జోన్ల మధ్య ఆడే విజ్జీ ట్రోఫీ మన విజయనగరం మహారాజకుమార్ పేరు మీదుగా ఉంది. ఆ స్కోర్లు పత్రికల్లో, పుస్తకాల్లో ఎక్కాయి. ఆడపిల్లల కబడ్డీకి, ఖోఖోకి, బాల్ బ్యాడ్మింటన్‌కి అలాంటిది మేం చూడలేదు. ఉన్నవల్లా పీడీల చేతిరాత రిజిస్టర్లే. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కబడ్డీ ఫైనల్లో మన అమ్మాయిలు చైనీస్ తైపీ మీద 26–25తో గెలిచారు. ఆ క్రీడల్లో భారత్‌కు అది వందో పతకం. అదే రోజు మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. ఆ కబడ్డీ ఫైనల్ ఫోన్‌లో మా పిల్లలకు చూపిస్తుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, మేడం, మీరు సౌత్ జోన్‌లో ఆడినప్పుడు స్కోరెంత అని అడిగింది. చెప్పాను. నమ్మింది. ఆ స్కోరు రాసి ఉన్న కాగితం మాత్రం ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

పాత ఆటగాళ్ల గురించి కూడా నిజం చెప్పాలి. మా వాళ్లలో కొందరు గ్రౌండుకొచ్చి, మా రోజుల్లో ఇలా కాదు అని కొత్త కోచ్ ముందే పిల్లలకు వేరే పాఠం మొదలుపెడతారు. అది తప్పు. మేం మట్టి కోర్టులో కాళ్లు దోక్కుపోతున్నా ఆడాం, ఇప్పుడు మ్యాట్ మీద బూట్లతో ఆడుతున్నారు. అడుగు వేసే తీరే మారిపోయింది. మా ఎత్తులు కొన్ని ఇవాళ పనిచేయవు. కొత్త పీడీ గారు పాతవన్నీ పక్కన పెట్టి తన పద్ధతిలో నడపాలనుకుంటే ఆయనకు పూర్తి హక్కుంది. సెలెక్షన్‌లో మా మాట చెల్లాలని నేను అడగను. పిలిస్తే వస్తాం, పిలవకపోతే గేటు బయట నిలబడి చూసి వెళ్లిపోతాం. కానీ మార్చేవాళ్లకు తాము ఏం మారుస్తున్నారో ముందు తెలియాలి కదా.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పీడీ గానీ క్రీడా విభాగం కార్యదర్శి గానీ మారేటప్పుడు రాసే ఛార్జ్ లిస్టులో జట్ల రిజిస్టర్లు, ఫొటోలు, పోటీల ఎంట్రీ కాపీలు, సర్టిఫికెట్లు ఇచ్చిన జాబితా కూడా వస్తువులుగా చేర్చండి. ఎన్ని పుస్తకాలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అని రాసి సంతకాలు తీసుకోండి. వాటిని ఫోన్‌తో ఫొటోలు తీసినా చాలు, ఒక కాపీ లైబ్రరీలో, ఒకటి యూనివర్సిటీలో ఉంచండి. బుడమేరు లాంటిది మళ్లీ వచ్చినా ఏదో ఒకచోట మిగులుతుంది. రిటైరయ్యే పీడీ గారిని చివరి నెలలో కొత్తవారి పక్కన కూర్చోబెట్టండి. అప్పటికి కొత్తవారు రాకపోతే, సీనియర్ ఆటగాళ్లు నలుగురిని పిలిచి ఆయన చెప్పేది రాయించండి. మా జట్టు గురించి రాయడానికి నేను సెలవు పెట్టుకుని వస్తాను.

కెప్టెన్ పేరు గ్రౌండులో, జట్టు ముందు, దిగిపోతున్న కెప్టెన్ పక్కన నిలబడగా చెప్పండి. రాని అమ్మాయికి ముందు విడిగా చెప్పండి. అది ఒక్క పూట పని.

నా దగ్గర ఉన్న ఆ ఒక్క రిజిస్టర్‌లో తొమ్మిదేళ్ల జట్ల పేర్లున్నాయి. అట్ట ఊడింది, చివరి పేజీలు చెద కొంచెం తిన్నది. నేను కొత్త అట్ట వేయించాను, ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టాను. అందులో పేరున్న అమ్మాయిలు ఇప్పుడు నలభై దాటినవాళ్లు. వాళ్లలో ఎవరికి ఎప్పుడు ఏ కాగితం అవసరమవుతుందో తెలియదు. అది నా ఇంట్లో ఉండకూడదు. కాలేజీ వారు పిలిస్తే వచ్చే సోమవారమే తెచ్చి ఇస్తాను. నా షరతు ఒక్కటే. స్టాకు రిజిస్టర్‌లో దానికొక నంబరు వేసి, పుచ్చుకున్నట్టు నాకు రసీదు రాసివ్వండి.

2005–08 మధ్య మా కాలేజీ జట్టులో ఆడినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ ఇళ్లలో ఉన్న ఫొటోలు, సర్టిఫికెట్లు, ఎంట్రీ ఫారాల జిరాక్సులు బయటికి తీయండి. అందరివీ ఒకచోట పెట్టి మన రెండో రిజిస్టర్ మళ్లీ రాద్దాం. మొదటి పేజీలో రైడర్ పేరు నేనే రాస్తాను.

ఇట్లు,
2007–08 కాలేజీ జట్టు కెప్టెన్,
గుంటూరు